కొనేముందు మూత తీసి చూడండి

పిల్లలూ,

పాత కంప్యూటర్ పలికిందా తాతయ్యా అని అడిగారు కదా. పలికింది. ఎలాగో ఫోనులో చెప్తే సగం మర్చిపోతారని ఈ ఉత్తరం.

మా నాన్నగారు పాడిన నాటకం పద్యాల క్యాసెట్లు మూడున్నాయి. మన కోనసీమ తేమకి బూజు పట్టకముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని నా ఆరాటం. తీరా చూస్తే అది మూగబోయింది. స్పీకర్లని అనుమానించి ఫోనుకి తగిలిస్తే బ్రహ్మాండంగా మోగాయి. డ్రైవర్‌ని, అంటే చప్పుడు పలికించే సాఫ్ట్‌వేర్‌ని, తీసేసి మళ్ళీ వేసినా లాభం లేదు. ఇక మిగిలింది మదర్‌బోర్డు, అంటే లోపలి పెద్ద పలక, మీది సౌండ్ చిప్పే. అది పోతే దాని బదులు విడిగా సౌండ్ కార్డు పెట్టుకోవాలి.

దాని పనేమిటంటారా? కాలవ లాకుల దగ్గర గోడ మీద అడుగుల గుర్తులుంటాయి, లస్కరు వచ్చి నీటిమట్టం చూసి రాసుకుంటాడు, చూశారుగా. సౌండ్ కార్డు కూడా అలాగే గొంతు అలని కొలిచి అంకెలు వేసుకుంటుంది. కాకపోతే సీడీ నాణ్యతకి సెకనుకు 44,100 సార్లు! మనం వినేటప్పుడు ఆ అంకెల్ని మళ్ళీ కరెంటు అలగా మార్చి స్పీకర్‌కి పంపుతుంది.

కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టు, నేను కంప్యూటర్ మూత తీయకుండానే కార్డు కొనేశాను. అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం, రెండున్నర సెంటీమీటర్ల చిన్న స్లాట్‌లో, అంటే కార్డు గుచ్చే గాడిలో, కూర్చునేది. మన కంప్యూటర్‌లో ఉన్నవేమో పాత పీసీఐ స్లాట్లు, తెల్లగా, ఎనిమిది సెంటీమీటర్ల పైనే ఉంటాయి. ఒకదాని కార్డు ఇంకోదాంట్లో పట్టదు. చివరికి సెకండ్‌హ్యాండ్‌లో పాత రకం దొరికింది. మన పాత విండోస్ ఎక్స్‌పీకి డ్రైవర్ ఉందో లేదో ఈసారి ముందే అడిగాను లెండి.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కాను, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. ఒంట్లోని స్టాటిక్ కార్డుకి తగలకుండా క్యాబినెట్ ఇనుముని ముట్టుకున్నాను. లోపల దుమ్ముతోపాటు రెండు బల్లిగుడ్ల పెంకులు! బ్రష్‌తో దులిపాను. కార్డుని అంచులతో పట్టుకోవాలి, స్లాట్‌లోకి దిగే బంగారుపూత పళ్ళకి చేతి చెమట అంటకూడదు. అటూ ఇటూ ఊపకుండా నిటారుగా నొక్కి, స్క్రూ బిగించాలి. తర్వాత బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరుచుకోగల సెట్టింగుల్లో, పాత చిప్‌ని ఆపి, డ్రైవర్ వేశాను.

అయినా చప్పుడు లేదు! నాకు ఒకటే టెన్షన్. వెనక్కి తొంగిచూసి మీ మామ్మ అంది: "వైరు పాత కన్నంలోనే ఉందండీ."

స్పీకర్‌కి ఆకుపచ్చ కన్నం. టేప్‌రికార్డర్‌కి మాత్రం లేత నీలం, గులాబీది కాదు. గులాబీది మైకుది. మైకు నుంచి వచ్చేది బలహీనమైన సిగ్నల్ కాబట్టి దాన్ని పెంచుతుంది. టేపు సిగ్నల్ అందులో పెడితే గొంతు బొంగురుపోయి, పగిలినట్టు వస్తుంది.

మొదటి క్యాసెట్ ఎక్కింది. పద్యం మధ్యలో "హార్మోనియం, ఇంకాస్త పైకి!" అని ఓ అరుపు వినిపిస్తుంది. అది మీ ముత్తాతగారే. రెండోది ఆదివారం మొదలుపెడతాను, వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.

మీ తాతయ్య