గాలిమర తలలో తొణికే కుండ

నిండుకుండ తొణకదంటారు. సముద్రంలో నిలబెట్టిన గాలిమర ఊపు తగ్గించడానికి మాత్రం తొణికే కుండే పనికొస్తుంది.

పెద్ద గాలిమర అంటే వంద మీటర్లకు పైబడిన ఉక్కు గొట్టం, దాని కొసన వందల టన్నుల యంత్రం. ఏ పొడవాటి గడకైనా ఉన్నట్టే దీనికీ తనదైన ఊపు ఉంటుంది. ఒకసారి కదిలితే అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు 3, 4 సెకన్లు. చిక్కంతా చుట్టూ ఉన్నవి కూడా దాదాపు అదే లయలో తోస్తుండటం. రెక్కల చక్రం (రోటార్) నిమిషానికి ఏడున్నర చుట్లు తిరిగితే, మూడు రెక్కల్లో ఏదో ఒకటి 2.7 సెకన్లకోసారి స్తంభం ముందు నుంచి దాటుతుంది. దాటినప్పుడల్లా ఒక చిన్న తోపు. తుఫాను అలలు 10 సెకన్లకు అటూ ఇటూగా వస్తాయి కానీ, మామూలు అలలు 4, 5 సెకన్లకే తగులుతాయి. లయలు కలిశాయంటే చిన్న తోపులే పెద్ద ఊపవుతాయి.

ఆ ఊపుకు గాలిమర ఒక్కసారిగా కూలిపోదు. అసలు భయం వెల్డింగ్ అతుకుల గురించి. 4 సెకన్లకొక ఊపు చొప్పున 25 ఏళ్లలో దాదాపు 20 కోట్ల ఊపులు! ఒక్కో ఊపుకూ అతుకులో కంటికి కనపడని పగులు రవ్వంత సాగుతుంది. అక్కడ పడే ఒత్తిడిని సగం చేయగలిగితే అతుకు ఆయుష్షు రమారమి 8 రెట్లు పెరుగుతుంది. ఊపును అణిచే పరికరాల కోసం, అంటే డ్యాంపర్ల కోసం, ఇంత పట్టుదల అందుకే.

తిరిగే రెక్కలే ముందువెనకల ఊపును చాలావరకు అణుస్తాయి, గాలిని నెట్టుకుంటూ కదలాలి కాబట్టి. పక్కలకు ఊగితే ఆ సాయం దాదాపు ఉండదు. గాలి ఒకవైపు నుంచి, అల ఇంకోవైపు నుంచి వచ్చిన రోజున, మరమ్మతు కోసం రెక్కలు ఆపేసిన రోజున స్తంభానికి దిక్కు డ్యాంపరే.

పద్ధతి పాతదే. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ 1909లోనే దీనికి పేటెంటు కోరాడు. స్తంభం పైభాగంలో ఒక లోలకం వేలాడదీస్తారు. దాని ఊపు స్తంభం ఊపుతో సరిపోవాలి, కానీ ఒక అడుగు వెనకపడి నడవాలి. అప్పుడది స్తంభం శక్తిని తనలోకి లాక్కుంటుంది, పక్కనున్న నూనె డ్యాంపర్లు ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి. లోలకం బదులు సగం నింపిన నీటి తొట్టి పెట్టినా ఇదే పని జరుగుతుంది. తొట్టి పొడవు, నీటి లోతు చూసుకుంటే తొణుకు లయ కుదురుతుంది. అరిగే భాగాలు ఉండవు కాబట్టి, మనిషి వెళ్లడమే కష్టమైన చోట నాకు ఇదే మేలనిపిస్తుంది. చోటు ఎక్కువ తీసుకుంటుందన్న మాటా నిజమే.

డ్యాంపర్ బరువు చాలకపోతే ఊపు కొంతే తగ్గుతుంది. లయ తప్పితే ఆ బరువంతా దండగ. 4 సెకన్ల ఊపుకు లోలకం పొడవు సుమారు 4 మీటర్లు ఉండాలి. ప్రవాహాలు స్తంభం మొదట్లో ఇసుకను కోసేస్తే స్తంభం ఊపు నెమ్మదిస్తుంది. అది 4.2 సెకన్లయిందంటే లోలకాన్ని ఇంకో 40 సెంటీమీటర్లు దించాలి. అందుకే ఊపును సెన్సర్లతో కొలుచుకుంటూ తన లయను తనే సవరించుకునే డ్యాంపర్ల మీద ఇప్పుడు పరిశోధన సాగుతోంది.