డిస్‌ప్రాక్సియా: ఎనిమిదేళ్లు నిండాలన్న నిబంధన వెనుక కథ

ఒకటో తరగతి. టీచరు బోర్డు మీద ‘క’ గుణింతం రాశారు. అక్షరాలన్నీ పిల్లవాడికి తెలుసు, నోటితో అడిగితే గడగడా అప్పజెబుతాడు. పెన్సిలు పట్టుకున్నాకే అవస్థ మొదలవుతుంది. వేళ్లు తెల్లబడేంతగా నొక్కి పట్టినా ‘కి’ దగ్గర మెలిక తిరగదు. పెన్సిలు ముక్కు విరుగుతుంది, కాగితం చిరుగుతుంది. తోటివాళ్లు ‘కః’ దాకా వెళ్లేసరికి వాడు ‘కీ’ దగ్గరే ఉంటాడు. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత రాదు. ఆటల్లో బంతి ఛాతీకి తగిలాక గానీ చేతులు ముందుకు రావు. సాయంత్రం చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఇంటికొస్తాడు. డైరీలో ఎర్ర సిరాతో రెండే మాటలు: ‘శ్రద్ధ లేదు’.

వాడికి శ్రద్ధ ఉంది. తెలివి తక్కువ కాదు, ఎముకల్లోనో కండరాల్లోనో లోపమూ లేదు. చేయాలనుకున్న పనిని కదలికల వరుసగా పేర్చి చేతులకు అందించడంలో మెదడు తడబడుతుంది. దీన్నే డిస్‌ప్రాక్సియా అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి ప్రమాణ గ్రంథం ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి ఇది ఉంటుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట.

వైద్యులకు ఇది కొత్త సంగతేమీ కాదు. చదవడంలో పిల్లల ఇబ్బందుల మీద పరిశోధించిన అమెరికా నాడీ వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ 1937లోనే ఇలాంటి పిల్లల గురించి రాశాడు. 1962లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ‘క్లమ్సీ చిల్డ్రన్’ పేరిట సంపాదకీయం వేసింది. చేతకాని పిల్లలు, మొరటు పిల్లలు అని మన పెద్దలు అనే మాటకు అది దగ్గర. తిట్టులాంటి ఆ పేరే పాతికేళ్లు వైద్య సాహిత్యంలో నడిచింది. 1987లో అమెరికా వర్గీకరణలోకి దీనికి ‘డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్’ (ఎదుగుదలలో కదలికల పొందిక లోపం) అన్న పేరు వచ్చింది. 1994లో కెనడాలోని లండన్ నగరంలో సమావేశమైన నిపుణులు ఇకపై అందరం ఈ పేరే వాడదామని ఒప్పుకున్నారు.

మన దేశంలో చట్టం ఈ పిల్లలను చూడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు వైకల్యాలే. కదలికకు సంబంధించిన వైకల్యం అందులో ఉన్నా, దాని నిర్వచనం ఎముకలు, కీళ్లు, కండరాలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుదరకపోవడం) దగ్గర ఆగిపోయింది. అవన్నీ సవ్యంగా ఉండి కూడా గుండీ పెట్టుకోలేని పిల్లవాడికి అక్కడ చోటు లేదు. మరుసటి ఏడాది మహారాష్ట్ర అభ్యసన వైకల్యాలున్న పిల్లలకు పరీక్షల్లో వెసులుబాట్లు ఇచ్చింది. మంచి అడుగే కానీ, చదవడం, రాయడం, లెక్కల చుట్టూనే తిరిగింది.

2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. డిస్‌ప్రాక్సియా పేరు మొదటిసారి అందులో అచ్చయింది. అయితే ఎక్కడ పెట్టారో చూడండి. ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ అన్న గుంపులో, చదవడంలో ఇబ్బంది అయిన డిస్‌లెక్సియా పక్కన. ఆ గుంపు నిర్వచనమేమో భాషను గ్రహించడంలో లోపం అని మొదలవుతుంది. చేతుల ఇబ్బందిని భాష ఖాతాలో రాశారు. తర్వాతి చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే 2018 జనవరి 4న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ గుంపు మొత్తానికీ ఒకే నియమం పెట్టాయి: ఎనిమిదేళ్లు నిండాకే వైకల్య ధ్రువపత్రం. ఆ తర్వాత 14వ ఏట, 18వ ఏట మళ్లీ పరీక్ష. చదవడం విషయంలో ఇందులో న్యాయం ఉంది. ఆరేళ్లకు తడబడి చదివిన పిల్లలు ఎందరో ఎనిమిదేళ్లకు అందుకుంటారు, ముందే ముద్ర వేయకూడదు. కానీ డిస్‌ప్రాక్సియాను సాధారణంగా అయిదేళ్ల తర్వాత నిర్ధారించవచ్చు. పలక నుంచి పుస్తకానికి, గీతల నుంచి గుణింతాలకు మారేది సరిగ్గా ఆ అయిదుకీ ఎనిమిదికీ మధ్యనే. ఒక్కో అక్షరంలో రెండు మూడు చోట్ల చెయ్యి తిప్పాల్సిన గుండ్రటి లిపి మనది. తలకట్టు, కొమ్ము, వత్తు విడివిడిగా కుదరాలి. సాయం ఎక్కువ కావలసిన మూడేళ్లూ పిల్లవాడి చేతిలో కాగితం ఉండదు. ఆ లోపల వాడు నేర్చుకునేది ‘నాకు రాదు’ అన్న ఒక్క మాట. తర్వాత ఏ ధ్రువపత్రమూ దాన్ని తేలిగ్గా చెరపలేదు.

ధ్రువపత్రం లేకపోతే బడి ఏమీ చేయనక్కర్లేదన్న నమ్మకం మాత్రం తప్పు. అదే చట్టం 16వ సెక్షన్ అభ్యసన వైకల్యాలను వీలైనంత తొందరగా గుర్తించి, బోధనలో తగిన చర్యలు తీసుకోవాలని చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. రిజర్వేషన్ల వంటి వాటికి చట్టం పెట్టిన 40 శాతం వైకల్యం అన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే అభ్యర్థి సివిల్స్ పరీక్షకు లేఖకుణ్ణి కోరిన వ్యాజ్యమది. తగిన వెసులుబాటు పొందే హక్కు 40 శాతం దాటినవారికే పరిమితం కాదని కోర్టు తేల్చింది.

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేకావసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాళ్లతో పనిచేసే ఐఈఆర్పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం పిల్లవాణ్ణి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపగలదు. కానీ నడవలేని, మాట్లాడలేని పిల్లలను గుర్తించడానికి అలవాటుపడ్డ కళ్లకు, పరుగెత్తుతూ పదే పదే పడిపోయే పిల్లవాడు ఆనడం కష్టం. అమ్మానాన్నలే చెప్పాలి, అదీ కాగితం మీద.

ప్రధానోపాధ్యాయులకు తేదీ వేసి ఒక పేజీ ఉత్తరం రాస్తే చాలు. పిల్లవాడు ఏం చేయలేకపోతున్నాడో నాలుగు ఉదాహరణలు, 16వ సెక్షన్ ప్రస్తావన, రోజువారీ పనులు సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు రాసిచ్చింది ఉంటే దాని నకలు. అడిగేవి కూడా పెద్దవి కావు: బోర్డు చూసి ఎక్కించుకోవడానికి బదులు రాసిన కాగితం చేతికివ్వడం, పది వాక్యాల బదులు మూడు, తెలిసిందో లేదో నోటితో అడగడం, లేసుల బదులు అతికించే పట్టీల బూట్లకు అనుమతి, డబ్బా మూత తీసిపెట్టే ఒక చెయ్యి. ఒక నకలు మండల విద్యాధికారికి పంపి, అందినట్టు సంతకం తీసుకుని దాచుకోవాలి.