మామిడి కొమ్మ మీద ఆర్కిడ్: అపోహలు – వాస్తవాలు

ఏటా మామిడి కోతలు అయిపోగానే నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపు తోటల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "సారూ, చెట్టుకు బదనిక పట్టింది, కొమ్మలు కొట్టించాలా?" అని. బదనిక అంటే కొమ్మ మీద పెరిగి చెట్టును పీల్చే మొక్క. ఫొటో తెరిస్తే చాలాసార్లు అది వాండా టెస్సెలేటా అనే ఆర్కిడ్, కొమ్మను పట్టుకుని పెరిగే పూలమొక్క.

అపోహ: ఆర్కిడ్ చెట్టు రసం పీల్చేస్తుంది.

పీల్చదు. దాని వేర్లు బెరడును పట్టుకుంటాయే తప్ప లోపలికి దిగవు. లావుగా, తెల్లగా బయటికి వేలాడతాయి, తడిస్తే పచ్చబడతాయి. వాన నీరు, మంచు, బెరడు మీద పేరుకున్న దుమ్ములోని పోషకాలు, దానికి అంతే చాలు.

చెట్టును తినేది డెండ్రోఫ్తి ఫాల్కేటా అనే అసలు బదనిక. దళసరి ఆకులు, నారింజ రంగు గొట్టాల్లాంటి పూలు. జిగురు పండ్లు తిన్న పిట్టల వల్ల గింజలు కొమ్మలకు అతుక్కుంటాయి. వేరు చెక్కలోకి దిగి నీళ్లు, లవణాలు లాగేస్తుంది. అక్కడ కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది, ఆ పైభాగం క్రమంగా ఎండిపోతుంది. ఊళ్లో రెండింటినీ బదనికే అంటారు. కూలీలు చేతికందిన ఆర్కిడ్‌ను కొమ్మతో సహా నరికి, పైనున్న అసలుదాన్ని వదిలేస్తారు. కాపు కొమ్మ పోతుంది, కూలి డబ్బులు పోతాయి, తెగులు మాత్రం అలాగే ఉంటుంది.

"తోట మొత్తం పోతదా సారూ?" అని ఒక పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. సగం చెట్లు తీసేయమని ఎవరో చెప్పారట. ఇలా భయపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె చేతనే ఆర్కిడ్ వేరును గోటితో లేపించాను. కింద బెరడుకు గాయమే లేదు. పక్క చెట్టు మీది బదనికను కొమ్మతో కోసి చీలిస్తే, చెక్కలోకి దిగిన వేరు కనిపించింది. అప్పుడు ఆమె టెన్షన్ తగ్గింది. అసలు బదనికనైతే పండ్లు రాకముందే, బుడిపెకు జానెడు ఇవతల, మాను వైపు కొమ్మ కోసి తీసేయాలి.

అపోహ: ఈ ఆర్కిడ్ నల్లమలలో తప్ప దొరకదు, లక్షలు పలుకుతుంది.

ఉత్త పుకారు. దేశంలో చాలాచోట్ల, శ్రీలంకలో కూడా ఉంది. తూర్పు కనుమలకే పరిమితమైన మొక్క కావాలంటే, నేలవేము జాతికి చెందిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా ఉంది. దాన్ని పట్టించుకునేవారే లేరు. ఇక నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఏ మొక్క పీకినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

అపోహ: ఆర్కిడ్ గింజలు చల్లితే మొలుస్తాయి.

ధూళిలాంటి ఆ గింజల్లో తిండి నిల్వ ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తాయి.

ఫొటో పంపేవారు చెట్టంతా తీయకండి. మొక్క కొమ్మకు అతుక్కున్న చోటును దగ్గర నుంచి తీసి పంపండి.