వాచీ మీద మొదటి గీత పడ్డప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న మీలో ఒకడు ఫోన్ చేసి, "పెదనాన్నా, కొత్త వాచీ మీద గీత పడింది, రాత్రంతా నిద్ర పట్టలేదు" అన్నాడు. ఎంతో కాలం డబ్బు కూడబెట్టి కొనుక్కున్న వాచీ కదా, ఆ బాధ నాకు తెలుసు. వాడికి అప్పుడు ఒక్క మాటే చెప్పాను, ముందు దాని మీద ఏమీ రుద్దకు అని. ఎందుకో మీ అందరికీ చెబుదామని కూర్చున్నాను.

ముందు వాచీని మెత్తటి తడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా అటూ ఇటూ వంచి చూడండి. చాలాసార్లు గీత అనుకున్నది గీతే కాదు. సఫైర్ (నీలమణి) అద్దం మీదా, అద్దం చుట్టూ ఉండే సెరామిక్ చట్రం (బెజెల్) మీదా కనిపించే బూడిదరంగు చార, ఎక్కడో తగిలిన లోహం కాస్త వచ్చి అంటుకున్నది కావచ్చు, పలక మీద బలపం గీసినట్టు. అలాంటిదైతే పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే పోతుంది. నేను రుద్దొచ్చు అని చెప్పేది అక్కడా, కింద చెప్పబోయే అక్రిలిక్ (ప్లాస్టిక్) అద్దం మీదా మాత్రమే. నిజంగా గీత పడితే గోటి చివర దాని మీద అడ్డంగా లాగండి. గోరు ఆగకుండా జారిపోతే పైపైన పడ్డదే. తట్టుకుని ఆగిందంటే లోతుగా దిగినట్టు.

ఇక అద్దం సంగతి. ఖరీదైన వాచీలకు ఇప్పుడు దాదాపు అన్నిటికీ సఫైర్ అద్దమే, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసిన నీలమణి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10 అయితే ఇది 9. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మామూలు దుమ్మూ ధూళీ దీన్ని గీయలేవు. అదే చేతికున్న వజ్రపుటుంగరం గీయగలదు. కొన్ని వాచీలకు అద్దం పైన మెరుపు తగ్గించే పూత ఉంటుంది, అది మెత్తన. గీత పడింది ఆ పూత మీదై ఉండొచ్చు, కింద అద్దం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. సఫైర్ మీదే నిజంగా గీత పడితే మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు, అద్దం మార్పించాల్సిందే. అక్రిలిక్ అద్దం దీనికి పూర్తిగా వ్యతిరేకం, చొక్కా గుండీ తగిలినా గీత పడుతుంది, కానీ దానికోసమే అమ్మే పాలిష్ పేస్టు వేసి మెత్తటి గుడ్డతో కొంచెంసేపు రుద్దితే మళ్లీ కొత్తదానిలా అవుతుంది. అది పగిలినా ముక్కలై చెల్లాచెదురు కాదు. 1969లో బజ్ ఆల్డ్రిన్ చంద్రుడి మీద నడిచినప్పుడు చేతికున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్‌కి ఉన్నది ఆ రకం అద్దమే.

అసలు చెప్పాల్సింది లోహం గురించి. పాలిష్ చేస్తే గీత పూడిపోతుందని అందరూ అనుకుంటారు, కానీ పూడదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో అంత లోతుకి చుట్టూ ఉన్న లోహాన్నంతా అరగదీస్తారు, అదీ పాలిష్ అంటే. ఒక్కసారికి పోయేది వెంట్రుకవాసి కంటే తక్కువే అయినా పోయింది మళ్లీ రాదు. అది ముందు కనిపించేది అంచుల దగ్గర. మీ వాచీ కేసుని, అంటే మిషను ఉండే లోహపు డొల్లని, పక్కనుంచి చూడండి, బ్రేస్‌లెట్ తగిలించే కొమ్ములు ఉంటాయే, వాటినే లగ్స్ అంటారు, పైన సన్నటి గీతలతో మసకగా ఉండే బ్రష్డ్ భాగమూ, పక్కన అద్దంలా మెరిసే భాగమూ కలిసేచోట కత్తి అంచులా ఒక రేఖ ఉంటుంది. ఆ రేఖ అంత పదునుగా రావడానికే ఫ్యాక్టరీలో పనివాళ్లు ఏళ్ల తరబడి చెయ్యి సాధన చేస్తారు. నాలుగైదుసార్లు పాలిష్ పట్టించిన వాచీలో ఆ రేఖ కరిగిపోయి, కొమ్ములు సగం వాడిన సబ్బుబిళ్లలా గుండ్రమైపోతాయి. పాత వాచీలు సేకరించేవాళ్లు పాలిష్ తగలని కేసు కోసం అంతగా వెతికేది ఇందుకే.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. వయసులో ఉన్నప్పుడు నా స్టీలు వాచీ క్లాస్ప్ మీద, అంటే బ్రేస్‌లెట్‌ని చేతికి బిగించే కొక్కెం మీద, ఒక గీత పడితే, వెండి సామాను తోమే పాలిష్ గుడ్డతో పావుగంట రుద్దాను. గీత తగ్గింది, నిజమే. కానీ అది బ్రష్డ్ క్లాస్ప్, మసకగా ఉండాల్సింది. రుద్దినచోట మాత్రం వేలిముద్రంత మేర అద్దంలా మెరిసిపోయి కూర్చుంది. గీత నాకొక్కడికే కనిపించేది, ఆ మచ్చ ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ కనిపించింది. తర్వాత పని తెలిసిన మెకానిక్ ఒకాయన క్లాస్ప్ ఊడదీసి, సన్నటి గీతలన్నీ ఒకే దిక్కులో వచ్చేలా మళ్లీ తీర్చాడు. ఆయన చెయ్యి అటు నుంచి ఇటు ఒకే ఒరవడిలో, ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా కదలడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

904ఎల్ అనే ఒక రకం స్టీలుని గొప్పగా చెప్తారు, రోలెక్స్ 1985 నుంచి వాడుతోంది. అది తుప్పుకి బాగా తట్టుకుంటుంది, అంతేగానీ గీతలు పడకుండా ఆపదు. 18 క్యారెట్ల బంగారం మెత్తన కాబట్టి ఇంకా తొందరగా పడతాయి. సెరామిక్ మీద గీత పడటం అరుదు గానీ గట్టి నేల మీద పడితే పగలొచ్చు. నల్లటి పూత పూసిన కేసుని పాలిష్ చేద్దామని ఎవరైనా అంటే వాచీ వెనక్కి తీసుకుని వచ్చేయండి, పూత పోతే లోపలి స్టీలు బయటపడుతుంది.

లోతుగా దిగిన దెబ్బకి లేజర్ వెల్డింగ్ ఉంది. అదే లోహాన్ని చుక్కగా కరిగించి గుంటలో నింపి, తర్వాత పైభాగం సమం చేస్తారు. నిజంగా పూడ్చడమంటే అదీ. మిషను మొత్తం బయటికి తీసి ఒట్టి కేసు మీద చేసే పని, తెలిసినవాళ్లే చేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, సర్వీసుకి ఇస్తే చాలాచోట్ల అడగకపోయినా పాలిష్ పట్టేస్తారు. వద్దనుకుంటే "పాలిష్ చేయవద్దు" అని రసీదు మీద రాయించండి, నోటిమాట చాలదు.

గీతలు ఎక్కడ పడతాయో తెలుసా? ఎక్కువగా బల్ల మీద. మణికట్టు బల్లకి ఆనించి టైపు చేస్తుంటే క్లాస్ప్ కింద నలిగే సన్నటి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవే గీస్తాయి. స్ట్రాప్ మార్చేటప్పుడు పనిముట్టు జారి కొమ్ముల లోపలివైపు గీస్తుంది, ముందుగా అక్కడ టేపు అంటించండి. రెండు వాచీలు ఒకే డబ్బాలో తగులుకునేలా పెట్టకండి. బ్రేస్‌లెట్ లింకుల మధ్య చేరిన మట్టిని అప్పుడప్పుడూ గోరువెచ్చటి సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగండి. కానీ వాచీలోకి నీళ్లు పోవని (వాటర్ రెసిస్టెన్స్ బాగుందని) తెలిస్తేనే, టైము తిప్పే పక్క గుండీ, అంటే క్రౌన్, గట్టిగా మూసి ఉంటేనే.

ఒరేయ్, ఫోన్ చేసినవాడా, నీ గీత గోటికి తగలట్లేదన్నావు, అదీ క్లాస్ప్ మీదేనన్నావు. అయితే దాన్నలా వదిలెయ్. ఇంకో ఏడాదికి దాని పక్కన పదో ఇరవయ్యో చేరతాయి, అన్నీ కలిసిపోయి ఏది మొదటిదో నువ్వే చెప్పలేవు. అప్పటికీ కంటికి నచ్చకపోతే, సర్వీసు రోజున క్లాస్ప్ ఒక్కటీ బ్రష్ చేయించు, కేసు జోలికి పోనివ్వకు. ఈలోగా పగటి వెలుతురులో పక్కనుంచి ఒక ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న