పంజరం సరే, కుర్చీ సంగతేమిటి?

సెలవులు మొదలయ్యాయో లేదో, భీమవరం నుంచి అమలాపురం దాకా కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోకి ఆ పాత రెజ్లింగ్ వీడియో మళ్ళీ వచ్చి చేరింది. ఇనప వల పంజరం పైకప్పు మీద నుంచి ఒక భారీ మనిషి గాలిలో తిరుగుతూ వచ్చి కింద బల్ల మీద పడతాడు. బల్ల తునాతునకలవుతుంది. వీడియో వెనకే పాత తగాదా కూడా వచ్చింది. పిల్లలతో కూర్చుని చూసే మేనమామలు, బాబాయిలు ఒక పక్షం. ఫోను లాక్కునే తల్లులు మరో పక్షం. "అదంతా నాటకం, ఆ సంగతి పిల్లలకూ తెలుసు" అని బాబాయిలు. "నాటకమైతే ఆ నెత్తురేమిటి" అని తల్లులు.

పడినవాడు అమెరికన్ మల్లుడు మిక్ ఫోలీ. మల్లుల బొమ్మలున్న ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ర్యాంకు బట్టీ పట్టిన తరానికి మ్యాన్‌కైండ్ ఎవరో, కాక్టస్ జాక్ ఎవరో, ఆ రెండు రింగు పేర్లూ ఈ ఫోలీవేనని ఎలా తెలిసిందో చెప్పనక్కరలేదు. అతని చిన్నతనం, శిక్షణ అన్నీ పక్కన పెడదాం. ఇప్పటి తగాదాకు అవి అక్కరకు రావు.

ముందు వీడియో సంగతి. 1998 జూన్ 28, అమెరికాలోని పిట్స్‌బర్గ్. పంజరం ఎత్తు 16 అడుగులు. తోసినవాడు ఎదుటి మల్లుడు అండర్‌టేకర్. ఆ పడటం ఇద్దరూ ముందే అనుకున్నది. అనుకోనిది ఆ తర్వాత జరిగింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే ఫోలీ లేచి మళ్ళీ పైకెక్కాడు. ఈసారి అండర్‌టేకర్ అతన్ని ఎత్తి పైకప్పు మీదే పడేయగా, ఆ వల పలక ఊడిపోయి తిన్నగా రింగులోకి పడ్డాడు. పైనున్న కుర్చీ కూడా వెంట పడి మొహానికి తగిలింది. పన్ను ఊడి ముక్కులోకి చేరింది. ఆ తర్వాత కూడా ఆట ఆగలేదు. గుండుసూదులు పరిచారు, వాటి మీద కూడా పడ్డాడు. చివరికి ఓడిపోయాడు.

"నాటకం" అనేవారికి జవాబు ఇంతకంటే ముందే, 1994 మార్చిలో జర్మనీలోని మ్యూనిక్‌లో దొరికింది. వేడర్ అనే మల్లుడితో ఆటలో రింగు తాళ్ళ మధ్య తల ఇరికించుకోవడం ఫోలీకి అలవాటైన విన్యాసం. ఆ రోజు తాళ్ళు బాగా బిగించి ఉన్నాయి. తల బయటికి లాక్కునే పెనుగులాటలో కుడి చెవిలో మూడింట రెండు వంతులు పోయింది. గెలిచేదెవరో ముందే రాసుకోవచ్చు గానీ, తాడు ఎంత బిగుతుగా ఉందో తాడే చెబుతుంది. మరుసటి ఏడాది ఆగస్టులో జపాన్‌లోని కవాసాకీలో ఒకే రోజు మూడు ఆటలు ఆడాడు. ముళ్ళతీగ, మేకులు, చివర మరో మల్లుడు టెర్రీ ఫంక్‌తో పేలుడు పలకలు. అభిమానులు గంటల తరబడి చెప్పుకునే రోజే అది. ఇక్కడ ఇంతకు మించి అవసరం లేదు, ఎందుకంటే మన తగాదాలో తేలాల్సింది ముళ్ళతీగ దగ్గరా కాదు, పంజరం దగ్గరా కాదు. పంజరం ఏ ఇంట్లోనూ ఉండదు. కుర్చీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

అందుకే 1999 జనవరి 24 దగ్గర ఆగాలి. కాలిఫోర్నియాలోని అనహైమ్, రాయల్ రంబుల్ అనే పోటీల రాత్రి. ఫోలీ అప్పుడు ఛాంపియన్, ఎదుట రాక్ అనే మల్లుడు. "ఓడిపోయాను" అని నోటితో ఒప్పుకునేదాకా ఆట ముగియదు. మామూలుగా తల మీదికి కుర్చీ వస్తే మల్లుడు చేతులు అడ్డం పెడతాడు. దెబ్బలో సగం అరచేతులు తీసుకుంటాయి, చప్పుడు మాత్రం అంతే వస్తుంది. వృత్తిలో ఉన్న కాస్తో కూస్తో రక్షణ అదే. ఆ రాత్రి ఫోలీ చేతులకు వెనక్కి బేడీలు వేశారు. ఇనప మడత కుర్చీ పలక తిన్నగా నెత్తి మీద పడింది. అనుకున్నవి ఐదు దెబ్బలు. పడినవి 11.

రాక్ వైపు నుంచి ఒక మాట ఉంది. ఐదో దెబ్బకు ఫోలీ రింగు వదిలి ప్రవేశమార్గంలో చాలా దూరం వెళ్ళి ఉండాలి, వెళ్ళలేకపోయాడు, అందుకే దెబ్బలు పెరిగాయని. కావచ్చు. కానీ చివరికి వినిపించిన "ఓడిపోయాను" కూడా ఫోలీ ఆ క్షణాన అన్నది కాదు. పాత ఇంటర్వ్యూలోని గొంతును స్పీకర్లలో వేశారు. ముగింపు అలా రాసిపెట్టి ఉంది. అంటే ఎన్ని దెబ్బలైనా, ఎక్కడ ఆపాలన్నది దెబ్బలు తింటున్నవాడి నోటి మాట మీద ఆధారపడి లేదు.

ముందు వరసలో అతని భార్య, ఆరేళ్ళ కొడుకు, ఐదేళ్ళ కూతురు కూర్చున్నారు. ఇది ఆటేనని, నాన్నకేమీ కాదని పిల్లలకు ముందే చెప్పారు. ఒక డాక్యుమెంటరీ బృందం కెమెరా వాళ్ళ వైపే ఉంది. కుర్చీ దెబ్బలు మొదలయ్యాక పిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు, తల్లి వాళ్ళను బయటికి తీసుకుపోవాల్సి వచ్చింది. తర్వాత ఆ దృశ్యాలు చూపిస్తే ఫోలీ సిగ్గుపడ్డాడు. "పిల్లలకు తెలుసు" అనే బాబాయిలు ఇక్కడ కాసేపు ఆగాలి. ఇది నాటకమని ఆ ఇద్దరికీ తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

బాబాయిల పక్షానికి ఇంకో మంచి వాదన ఉంది, అదీ ఈ నేల మీద పుట్టిందే. సంక్రాంతి బరిలో కోడిని అడిగి కాలికి కత్తి కట్టరు, ఫోలీ మాత్రం డబ్బు తీసుకుని ఇష్టపడి దిగాడు అంటారు. నిజమే. కాకపోతే 1999లో మల్లులెవరికీ తలదెబ్బల అసలు ఖరీదు తెలియదు. అది 2007లో బయటపడింది. ఆ జూన్‌లో క్రిస్ బెన్వా అనే మల్లుడు భార్యను, కొడుకును చంపి తానూ ఉరేసుకున్నాడు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యుడు జూలియన్ బెయిల్స్ పరీక్షించిన అతని మెదడు, అల్జీమర్స్ ముదిరిన 85 ఏళ్ళ వృద్ధుడి మెదడులా ఉంది. బెన్వాకు అప్పటికి 40 ఏళ్ళు. హత్యలకు అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేరు. అయినా, తల మీద కుర్చీ వేయడం ఉత్త చప్పుడేనన్న మాట ఆ తర్వాత ఎవరి నోటా నిలవలేదు.

ఫోలీ 2000 ఫిబ్రవరిలో మరో పంజరం ఆట ఓడి రిటైరయ్యాడు. ఉండబట్టలేక 2004లో ర్యాండీ ఆర్టన్‌తో, 2006లో ఎడ్జ్‌తో మళ్ళీ తలపడ్డాడు. ఎడ్జ్‌తో ఆటలో మండుతున్న బల్ల మీద పడ్డాడు. 2013లో మేటి మల్లుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

తల్లుల మాట ఎవరూ సరిగ్గా వినడం లేదు. గడ్డిమేటు మీద నుంచి దూకడాన్ని వాళ్ళేమీ తప్పుపట్టడం లేదు, ఆ దూకుడు టీవీ రాకముందు నుంచీ ఉంది. వాళ్ళ భయమంతా పెళ్ళింట్లో భోజనాలయ్యాక పందిరి వెనక దొంతర్లుగా పేర్చిన అద్దె కుర్చీల దగ్గర. అక్కడ ఒక పిల్లవాడు ఇంకొకడి చేతులు వెనక్కి పట్టుకుంటాడు, మూడోవాడు కుర్చీ ఎత్తుతాడు. ఇంటి దగ్గర ప్రయత్నించవద్దన్న హెచ్చరిక టీవీలో వస్తుంది కదా అంటారు బాబాయిలు. ఫోనులో ముప్పై సెకన్లకు కత్తిరించిన ముక్కలో ఆ హెచ్చరిక ఉండదు.

తల మీద కుర్చీ వేయడాన్ని ఈ ఆటలు నడిపే అమెరికన్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో నిషేధించింది. ఇప్పుడు అక్కడ కుర్చీ వీపు మీద పడుతోంది. ఈ సెలవుల్లో గ్రూపుల్లో తిరుగుతున్న ఫోలీ వీడియోలన్నీ దానికి ముందువి.