దత్తత గురించి సినిమా వేసినప్పుడల్లా ఎదురయ్యే అపోహలు

దత్తత కోరుకునే దంపతులకు, దత్తత తీసుకున్న కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇవ్వడం నా పని. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఎంత చెప్పినా తలూపి వెళ్ళిపోయేవాళ్ళు, ఒక సినిమా చూశాక మనసు విప్పి మాట్లాడటం గమనించాను. అందుకే ఏడాదికి రెండు మూడు సార్లు ఏదో ఒక కమ్యూనిటీ హాల్లో సినిమా వేసి, అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటాం.

మేం ఎక్కువగా వేసేది ‘అమృత’. మణిరత్నం 2002లో తమిళంలో తీసిన సినిమాకి తెలుగు రూపం. లంకలో యుద్ధం నుంచి తప్పించుకుని రామేశ్వరం చేరిన ఒక శరణార్థి బిడ్డని కని వెళ్ళిపోతుంది. ఆ బిడ్డ చెన్నైలో ఒక రచయిత ఇంట్లో పెరుగుతుంది. తొమ్మిదో పుట్టినరోజున అసలు సంగతి తెలుస్తుంది. కన్నతల్లిని చూస్తానని పట్టుబట్టి లంకకు వెళ్తుంది. దత్తత, వలస, ‘నేను ఎవరి బిడ్డని, ఏ ఊరి బిడ్డని’ అన్న ప్రశ్న, అన్నీ ఆ ఒక్క కథలోనే ఉన్నాయి. సినిమా అయిపోయి లైట్లు వేశాక మాత్రం ప్రతిసారీ దాదాపు అవే మాటలు వింటాను.

అపోహ: పెద్దయ్యాక, అర్థం చేసుకునే వయసు వచ్చాక చెబితే మంచిది.

ఒకసారి ఒక పెద్దాయన లేచి, “చూశారా, తొమ్మిదేళ్ళకే చెప్పేశారు కాబట్టి పిల్ల అంత గొడవ చేసింది, పద్దెనిమిది వచ్చేదాకా ఆగాల్సింది” అన్నారు. ఇన్నేళ్ళలో నేను చూసినదాన్ని బట్టి, ఆ పిల్ల అల్లాడిపోయింది తొమ్మిదేళ్ళ దాకా చెప్పకపోవడం వల్లే. తాను రోజూ చూసే మనుషులందరికీ తెలిసిన విషయం తనకొక్కదానికే తెలియదని తెలుసుకోవడం చాలా పెద్ద దెబ్బ.

చెప్పడం బిడ్డకి మాటలు రాకముందే మొదలుపెట్టాలి. అప్పుడు బిడ్డకి అర్థం కాదు, నిజమే. కానీ గొంతు వణకకుండా ‘దత్తత’ అనే మాట పలకడం ముందు అమ్మానాన్నలకు అలవాటు కావాలి. ఒళ్ళో పడుకోబెట్టుకుని కథలా చెప్పండి: నీ కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశామో, ఫోన్ వచ్చినప్పుడు ఎవరెక్కడ ఉన్నామో, శిశుగృహలో నువ్వు ఏ రంగు గౌను వేసుకున్నావో. చాలామంది పిల్లలు ఈ కథని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు. ఆరేడేళ్ళు వచ్చాక అసలు ప్రశ్న వస్తుంది: “మరి ఆ అమ్మ నన్నెందుకు వదిలేసింది?” అప్పుడు ‘నీ మీద ప్రేమతోనే ఇచ్చేసింది’ అనకండి. ప్రేమ ఉన్నవాళ్ళు వదిలేస్తారన్న భయం పట్టుకుంటుంది. “పెంచే పరిస్థితి ఆమెకి లేదు, నీలో ఏ లోపమూ లేదు” అంటే చాలు. తెలియని విషయం తెలియదనే చెప్పండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళలో పిల్లల్ని ఆటపట్టించడానికి “నిన్ను తవుడు పోసి కొన్నాం” అంటుంటాం. ఒకసారి షో అయ్యాక ఒక తల్లి నా పక్కన కూర్చుంది. వాళ్ళ బాబుకి ఏడేళ్ళు, అప్పటికింకా వాడికి ఏమీ చెప్పలేదు. పండగకి వచ్చిన పెదనాన్న సరదాగా ఆ మాట అన్నాడట. ఆ రాత్రి వాడు వంటింట్లోకి వచ్చి, “తవుడంటే ఏంటమ్మా? నాకోసం ఎంత ఇచ్చారు?” అని అడిగాడు. ఇది చెబుతున్నంతసేపూ ఆవిడ స్టీల్ గ్లాసుని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉంది. టీ మీద మీగడ కట్టేసింది. మరుసటి వారం భార్యాభర్తలిద్దరూ నా దగ్గరికి వచ్చి, బాబుకి ఎలా చెప్పాలో నేర్చుకుని వెళ్ళారు.

అపోహ: కన్నతల్లిని వెతుకుతానంటే పెంచిన ప్రేమ చాలనట్టే.

ఎంత ఆలోచించినా ఈ మాటకు నాకు కర్ణుడే గుర్తొస్తాడు. యుద్ధానికి ముందు కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ఏమంటాడు? తనను ఇంటికి తెచ్చిన రోజే రాధకి ప్రేమతో పాలు వచ్చాయని, తన మలమూత్రాలు ఎత్తింది ఆమేనని, ఆమెను కాదనలేనని అంటాడు. జన్మరహస్యం తెలిశాక కూడా ఆయన రాధేయుడే. బాధంతా అంత ఆలస్యంగా, అదీ ఎవరెవరి అవసరాల కోసమో, తెలియడంలో ఉంది.

మూలాలు వెతుక్కోవడం మన నిబంధనలు ఒప్పుకున్న హక్కు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు స్వయంగా కారాకి, అంటే దేశంలో దత్తతలన్నీ చూసే కేంద్ర సంస్థకి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకన్నా చిన్నవాళ్ళు పెంచిన అమ్మానాన్నలతో కలిసి పెట్టుకోవాలి. బిడ్డని అప్పగించేటప్పుడు తన వివరాలు చెప్పొద్దని కన్నతల్లి కోరి ఉంటే, ఆమె ఒప్పుకుంటేనే చెబుతారు. ఆమె ఒప్పుకోకపోయినా, ఆచూకీ దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించారో ఆ కారణాలు బిడ్డకి చెప్పాలి. మూడో మనిషి ఎవరూ బిడ్డ తరఫున వెతకడానికి వీల్లేదు. సోషల్ మీడియాలో పాత ఫోటో పెట్టి ‘ఈ అమ్మని పట్టివ్వండి’ అని పోస్టు చేసేవాళ్ళని దయచేసి ఆపండి. ఆ తల్లికి ఇప్పుడో కుటుంబం ఉండొచ్చు, అక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియకపోవచ్చు.

సినిమాలో కన్నతల్లి పిల్లతో వచ్చేయదు, అక్కడే ఉండిపోతుంది. హాల్లో చాలామందికి అది నచ్చదు. నేను చూసిన నిజమైన కలయికలు మాత్రం చాలావరకు అలాగే ముగిశాయి. ఒక గంట మాట, ఒక ఫోటో, మళ్ళీ ఎవరి దారి వారిది. ఆ గంటతోనే చాలామందికి మనసు కుదుటపడింది.

అపోహ: విదేశానికి దత్తత వెళ్ళిన పిల్లలు అదృష్టవంతులు.

కొందరికి చాలా మంచి ఇళ్ళు దొరికాయి. ఆ ఇళ్ళను నేను తక్కువ చేయను. కానీ ‘అదృష్టం’ అనేస్తే ఆ పిల్లలు పోగొట్టుకున్నవాటి గురించి నోరెత్తే వీలుండదు.

యూరప్‌లో పెరిగిన ఒక అమ్మాయి తన కాగితాలు పట్టుకుని హైదరాబాద్ వచ్చినప్పుడు మా షోకి వచ్చింది. ఆ కాగితాల్లో పుట్టిన తేదీ అంచనాగా వేసింది, పేరు ఆయా పెట్టింది. ముఖం చూస్తే మన పక్కింటి పిల్లలాగే ఉంటుంది. ఆటోవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, గుడి దగ్గర ముసలమ్మలు అందరూ ఆమెతో తెలుగులోనే మాట్లాడేవారు. అందుకని ఒక వాక్యం నేర్చుకుంది: “నాకు తెలుగు రాదండీ.” దాన్ని ఎంత చక్కగా పలికేదంటే ఎవరూ నమ్మేవారు కాదు. “అక్కడ నా రంగు చూసి, ఎక్కడి నుంచి వచ్చావంటారు. ఇక్కడ నోరు తెరిస్తే అదే అడుగుతున్నారు” అంది నాతో. ఆ రోజు సినిమా నడుస్తున్నంతసేపూ మా కార్యకర్త ఒకామె పక్కనే కూర్చుని ప్రతి డైలాగూ ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క జోలపాట దగ్గర మాత్రం ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది, చెప్పొద్దని.

ఇది ఒక్కరి కథే అనుకోకండి. 1980ల్లో శ్రీలంక నుంచి వేలమంది పిల్లలు యూరప్‌కి వెళ్ళారు. వాళ్ళలో ఎందరివో కాగితాలు దొంగవని తర్వాత బయటపడింది. శ్రీలంకతో సహా కొన్ని దేశాల నుంచి జరిగిన దత్తతల్లో తీవ్రమైన అక్రమాలున్నాయని 2021లో నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ కమిటీయే తేల్చింది. 2024లో ఆ దేశం విదేశీ దత్తతల్ని క్రమంగా ఆపేయాలని నిర్ణయించింది. అమ్మానాన్నలున్న పిల్లల్ని కూడా అనాథలుగా రాసి పంపారని దక్షిణ కొరియాలో సత్యశోధన కమిషన్ 2025లో చెప్పింది. అమెరికాలో 2000 నాటి చట్టం విదేశాల నుంచి వచ్చిన దత్తపిల్లలకు ఆటోమేటిక్‌గా పౌరసత్వం ఇచ్చింది కానీ, అది అమల్లోకి వచ్చేసరికే పద్దెనిమిది నిండినవాళ్ళకి వర్తించలేదు. పసితనం నుంచీ అక్కడే పెరిగి, నడివయసులో తమకు తెలియని దేశానికి తిప్పి పంపబడినవాళ్ళు ఉన్నారు.

మన దగ్గరా జరిగింది. 1999లో, మళ్ళీ 2001లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొని విదేశీ దత్తతలకు పంపుతున్నారని కేసులయ్యాయి, అరెస్టులు జరిగాయి. ఆ తండాల నుంచి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు పాతికేళ్ళు దాటినవాళ్ళు. ఏ రోజైనా ఒకరు వచ్చి నా టేబుల్ ముందు కూర్చోవచ్చు. వాళ్ళ కన్నవాళ్ళ భాష తెలుగు కూడా కాదు, లంబాడాలు మాట్లాడే గోర్‌బోలి. ‘మూలాల్లోకి తిరిగి రావడం’ అని మనం సులువుగా అనేస్తాం. ఆ పిల్ల ఏ భాషలోకి తిరిగి రావాలి?

బిడ్డకి ముందు స్వదేశంలోనే ఇల్లు వెతకాలని సుప్రీంకోర్టు 1984లోనే, లక్ష్మీకాంత్ పాండే కేసులో చెప్పింది. విదేశీ దత్తతల మీద 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. అందులోనూ అదే సూత్రం ఉంది.

అపోహ: తెలిసినవాళ్ళ ద్వారా ఆస్పత్రి నుంచే బిడ్డని తెచ్చుకోవచ్చు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

అది నేరం. పద్ధతి తప్పి బిడ్డని ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే అది పిల్లల అమ్మకం కింద మరో కేసు, ఐదేళ్ళ దాకా శిక్ష. బిడ్డని పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించాలి. మనసు మార్చుకోవడానికి ఆమెకి అరవై రోజుల గడువు ఉంటుంది. ఎక్కడైనా పసిబిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డరు ఇచ్చేది కలెక్టరు. ఆ ఆర్డరు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని హక్కులతో మీ బిడ్డే. గోత్రం గురించి అడిగేవాళ్ళకి కూడా నా జవాబు ఇదే.

సినిమాలో రచయిత బిడ్డ కోసం పెళ్ళి చేసుకుంటాడు. ఇప్పటికీ ఒంటరి మగవాడికి ఆడపిల్లని ఇవ్వరు. ఒంటరి మహిళ ఎవరినైనా తీసుకోవచ్చు. దంపతులైతే కాపురం కనీసం రెండేళ్ళు స్థిరంగా సాగి ఉండాలి.

అపోహ: ప్రొజెక్టరు, ఓటీటీ ఉంటే చాలు, ఎవరైనా వేసెయ్యొచ్చు.

ఇంట్లో చూడటానికి కట్టిన చందా హాల్లో వేయడానికి పనికిరాదు. టికెట్ లేకపోయినా సరే, హక్కులున్నవాళ్ళ అనుమతి తీసుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి నా తప్పు వల్లే నేర్చుకున్నాను. మొదటి షో అయ్యాక, దత్తతకు వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి చేతికి మైకు ఇచ్చి “నీ అనుభవం చెప్పమ్మా” అన్నాను. వందమంది తిరిగి చూశారు. ఆ అమ్మాయి మైకు నా చేతిలో పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. మళ్ళీ మా కార్యక్రమాలకు రాలేదు. ఆనాటి నుంచి ఎవరినీ పేరు పెట్టి పిలవం, చేతులెత్తమని అడగం. సినిమాలో బాంబు పేలుళ్ళున్నాయని, తల్లి విడిచి వెళ్ళే సీను ఉందని ముందే చెబుతాం. తలుపు దగ్గర రెండు వరుసలు ఖాళీగా ఉంచుతాం, లేచి వెళ్ళాలనుకున్నవాళ్ళు ఎవరి మోకాళ్ళూ దాటకుండా వెళ్ళడానికి. వరండాలో మా మనిషి ఒకరు నీళ్ళ సీసాతో కూర్చుంటారు.

అపోహ: చివర్లో చర్చ బాగా జరగకపోతే షో ఫెయిలైనట్టే.

పోయిన వానాకాలంలో వేసినప్పుడు పావుగంట ఎవరూ మాట్లాడలేదు. నాకు టెన్షన్ వచ్చింది. జనం ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఒకాయన మాత్రం ఉండిపోయి నాతోపాటు కుర్చీలు మడతపెట్టారు. అరవై దాటి ఉంటాయి. చివరి కుర్చీ గోడకి ఆనించి, “నేనూ దత్తు వచ్చినవాణ్ణేనమ్మా. మా ఊళ్ళో అందరికీ తెలుసు, నాతో మాత్రం ఎవరూ అనలేదు. పెళ్ళిలో ఒక ముసలాయన నోరు జారితే తెలిసింది” అన్నారు. కాసేపాగి, “మళ్ళీ ఎప్పుడు వేస్తారు? ఈసారి మా ఆవిణ్ణి తీసుకొస్తాను” అన్నారు.