గురువు వెనక్కి నడిచిన ఏడాది

2020లో తుంగభద్ర పుష్కరాలు కరోనా వల్లే నవంబరుకు వాయిదా పడ్డాయనుకునేవారు ఇంకా ఉన్నారు. కర్నూలు పాఠకుడొకరు పంచాంగం తిరగేసి మరో ప్రశ్న వేశారు: "గురువు మార్చి నెలాఖరుకే మకరంలోకి వచ్చాడు కదండీ, పుష్కరం నవంబరు 20న మొదలుకావడమేమిటి?"

కరోనా చేసిందల్లా సంకల్‌బాగ్ ఘాట్‌లో నదీస్నానాలు లేకుండా చేయడమే. తేదీని గురుగ్రహమే తేల్చింది: గురువు మకరరాశిలోకి వస్తేనే తుంగభద్రకు పుష్కరం. మార్చిలో మకరంలో అడుగుపెట్టిన గురువు మే నెలలో వక్రించి, అంటే వెనక్కి మళ్లినట్టు కనిపించి, జూన్ 30కి ధనుస్సులోకి జారుకుని, సెప్టెంబరులో మళ్లీ తిరిగి, నవంబరు 20న రెండోసారి గడప దాటాడు. లెక్కలోకి వచ్చింది ఆ ప్రవేశమే.

అంత పెద్ద గ్రహం వెనక్కి ఎలా నడుస్తుంది? నడవదు. బడిలో సౌరకుటుంబాన్ని పైనుంచి చూసినట్టు గీసి చూపిస్తారు. మనం ఉన్నది ఆ బొమ్మ లోపల అని చెప్పకుండానే పాఠం ముగిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

గుడిలో ప్రదక్షిణలు చేస్తున్న ఇద్దరిని ఊహించుకోండి. గర్భగుడిని ఆనుకుని మనవడు చకచకా తిరుగుతున్నాడు. బయటి వరుసలో అవ్వ నెమ్మదిగా నడుస్తోంది. ప్రహరీ అవతల, చాలా దూరంలో వేపచెట్లు. మనవడు అటువైపు ఉన్నప్పుడు గర్భగుడి అడ్డొచ్చి అవ్వ కనబడదు. పెళ్ళిళ్ళు ఆపేసే గురు మౌఢ్యం ఇదే, గర్భగుడి స్థానంలో సూర్యుడున్నాడంతే. మలుపు తిరగ్గానే అవ్వ కనిపిస్తుంది, వేపచెట్ల మీదుగా ముందుకు సాగుతూ. వాడు దగ్గరపడేకొద్దీ ఆ సాగడం మందగించి, ఒకచోట ఆగినట్టవుతుంది. పక్కనుంచి దాటేటప్పుడు చూడాలి! అవ్వ నడక ఆపలేదు, అయినా ఆమె వెనకున్న చెట్టు మారిపోయింది, అదీ వెనక్కి. వాడు బాగా ముందుకెళ్ళి తల తిప్పి చూస్తే ఆమె మళ్లీ ముందుకే పోతుంటుంది.

మనవడు భూమి, సెకనుకు 30 కిలోమీటర్లు. అవ్వ గురువు, 13 కిలోమీటర్లు. వేపచెట్లు రాశులు. 399 రోజులకోసారి మనం గురువును దాటుతాం, అంటే పన్నెండేళ్ళలో పదకొండుసార్లు. దాటిన ప్రతిసారీ సుమారు నాలుగు నెలల వక్రం, పది డిగ్రీల వెనకడుగు. రాశి వెడల్పు 30 డిగ్రీలు కాబట్టి నడిమధ్యలో వక్రిస్తే ఎవరికీ పట్టదు. 2020లో మకరంలోకి మూడు డిగ్రీలే వచ్చి ఉండటంతో గడప దాటి వెనక్కి పోయాడు. ఈ లెక్కలో పంచాంగకర్తలు తప్పలేదు. దాని పక్కన రాసే ఫలాలతోనే నాకు పేచీ.

కుజుడి, అంటే అంగారకుడి, వక్రానికి జాతకాల్లో మరీ చెడ్డపేరు. రాకెట్ల వాళ్ళకు మాత్రం అది శుభవార్తే. అంగారకుడికి పొదుపైన దారిలో ప్రయాణం సుమారు 259 రోజులు. ఆలోగా కుజుడు సూర్యుడి చుట్టూ 136 డిగ్రీలు నడుస్తాడు, నౌక 180 డిగ్రీలు తిరిగి అక్కడికి చేరుతుంది. కనుక బయలుదేరే రోజున కుజుడు మనకంటే 44 డిగ్రీలు ముందుండాలి. భూమి రోజుకు 0.46 డిగ్రీ చొప్పున ఆ దూరాన్ని తగ్గిస్తూ మూడు నాలుగు నెలల్లో కుజుణ్ణి దాటేస్తుంది. దాటడమంటే వక్రమే కదా! ఈ దారిలో వెళ్ళే నౌక మార్గమధ్యంలో ఉండగా కుజుడు వక్రించక తప్పదు.

మంగళయాన్ 2013 డిసెంబరు 1న భూకక్ష్య వదిలింది, 2014 మార్చి నుంచి మే వరకు కుజ వక్రం, సెప్టెంబరు 24న గమ్యం. శ్రీహరికోట నుంచి నవంబరు 5న మంగళవారం నాడు ఎగిరిందని మురిసిపోయేవారికి ఒక మాట: ముందు అనుకున్నది అక్టోబరు 28, సోమవారం. పసిఫిక్‌లో వాతావరణం బాగాలేక, రాకెట్‌పై కన్నేసి ఉంచాల్సిన ఓడ చేరడం ఆలస్యమై తేదీ మారింది.

కుజుడు మళ్లీ వక్రించేది 2027 జనవరిలో. అంటే అంగారకుడికి రాకెట్ పంపదలచినవారికి 2026 చివరి నెలలే అదును. అవి దాటితే మరో 26 నెలలు ఆగాలి.